చిలక పడవలో డాల్డా డబ్బా

ఎండ చురుక్కుమంటోంది. వంశధార ఒడ్డున సగం ఇసకలో, సగం నీళ్ళలో ఆగి ఉన్న ఆకుపచ్చ పడవలో తాయారు ఒక్కతే కూర్చుని బంతిపూల దండ కడుతోంది. ఆ రోజు మహర్నవమి. కళింగపట్నంలో కత్తికీ, నాగలికీ, కుట్టుమిషనుకీ, సైకిలుకీ అన్నిటికీ బొట్టు పెట్టే రోజు. మరి పడవకి ఎందుకు పెట్టకూడదని మామ్మ అడిగింది. ఎవరూ కాదనలేదు. ఇంకాసేపట్లో ఇంటిల్లిపాదీ హారతి పళ్ళెంతో వచ్చేస్తారు.

నాన్న ఇంజను తుడిచే పాతగుడ్డల కోసం ఇంటికి బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు.

"నువ్వు పూలు కట్టు, సాలు. పెట్రోలు నానొచ్చి పోస్తాను. ముట్టుకోకు," అన్నాడు.

తాయారుకి పదేళ్ళు. పదేళ్ళ పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెట్టి, పక్కనే ఉన్న వస్తువుని ముట్టుకోవద్దంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ సంగతికి వచ్చేముందు ఈ పడవ గురించి చెప్పాలి. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఇలాంటి పడవ ఇంకోటి లేదు.

తాయారు వాళ్ళ నాన్న జగన్నాధం పొలాల్లో నీళ్ళు తోడే ఇంజన్లు బాగుచేస్తాడు. సరుగుడు తోటలో ఒక పాత పడవ ఎన్నాళ్ళనుంచో బోర్లా పడి ఉండేది. దాని యజమాని ఊరు వదిలి వెళ్ళిపోతూ, కావాలంటే తీసుకోమని నాన్నకి చెప్పాడు. అంతే, ఆ రోజునుంచి నాన్న ఆదివారాలన్నీ ఆ పడవకే పోయాయి. పుచ్చిన చెక్కలు తీసి కొత్తవి వేశాడు. ఎక్కడో మూలపడ్డ చిన్న పెట్రోలు ఇంజను తెచ్చి బిగించాడు. ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు వేసి, ముక్కుకి మాత్రం ఎర్రరంగు పూశాడు. పిల్లలు దానికి చిలక అని పేరు పెట్టారు.

చిలక మొదటిసారి నీళ్ళలోకి దిగిన రోజు చేపలు పట్టే దాలయ్య తన వల పక్కన పెట్టి మరీ చూడ్డానికి వచ్చాడు.

"వలేదిరా జగన్నాధం?" అని అడిగాడు.

"వల నేదు."

"మరి సరుకేటి ఏస్తావు?"

"సరుకూ నేదు."

"మరి దీంట్లోకి ఏటెక్కుతాది?"

"మాయమ్మ ఎక్కుతాది," అన్నాడు నాన్న.

చేపలు పట్టకుండా, సరుకు మొయ్యకుండా, ఊరికే షికారు తిరగడానికి పడవ ఏమిటో దాలయ్యకి అర్థం కాలేదు. ఆ సాయంత్రం దాకా తలుచుకుని తలుచుకుని నవ్వాడు. తాయారు వాళ్ళ మావయ్య కొండబాబు మాత్రం ఊరుకోలేదు. మనిషి చంద్రుడి మీదికి వెళ్ళొచ్చేశాడు, మనం ఏట్లోకి వెళ్ళిరాలేమా అని గుండెలు విరుచుకున్నాడు. ఈ మావయ్య అమ్మకి తమ్ముడు, తాయారు చదివే బడిలో డ్రిల్లు మాస్టారు.

నిజం చెప్పాలంటే, షికారు పడవ ఉన్నవాళ్ళకి షికారు కన్నా తిప్పలే ఎక్కువ. మొదటి రోజే ఏటి మధ్యలోకి వెళ్ళేసరికి అందరి కాళ్ళూ తడిశాయి. పులిహోర గిన్నె పడవలోనే తేలడం మొదలెట్టింది. లోపల చేరిన నీళ్ళు ఒడ్డున వదలడానికి పడవ అడుగున ఒక కంత ఉంది, బయల్దేరేముందు దానికి బిరడా పెట్టాలి. ఆ బిరడా నాన్న చొక్కా జేబులో భద్రంగా ఉంది.

మరో వారం మావయ్య ఇంజను తిప్పి, గొడుగు పట్టుకుని దర్జాగా నిలబడ్డాడు. పడవని రాటకి కట్టిన తాడు విప్పలేదు. తాడు పొడుగున్నంత దూరం చిలక హాయిగా వెళ్ళింది. తర్వాత అది ఆగింది, మావయ్య ఆగలేదు. గొడుగుతో సహా నీళ్ళలో పడ్డాడు.

అమ్మ పడవ అంచున ఆరేసిన తువ్వాలు నీళ్ళలోకి జారి ఇంజను పంకాకి చుట్టుకుంది. తమ్ముడు చినబాబు తెడ్డు తేలుతుందో లేదో చూద్దామని దాన్ని ఏట్లోకి వదిలేశాడు. తేలింది, తేలుతూ సముద్రం వైపు వెళ్ళిపోయింది. మామ్మ అయితే రాహుకాలంలో ఒడ్డున దిగకూడదని పడవని ఏటి మధ్యలోనే ఆపించింది. రాహుకాలం అయ్యేలోగా సముద్రపు పోటు తీసేసి నీళ్ళు తగ్గాయి, పడవ ఇసకమేటకి అతుక్కుపోయింది. మళ్ళీ పోటు వచ్చేదాకా అందరూ వేరుశనగ కాయలు వొలుచుకుంటూ అక్కడే కూర్చున్నారు.

ఇవన్నీ చూశాక మామ్మే ఒక రూలు పెట్టింది. ఎవరి పొరపాటు వాళ్ళదే. పడవ ముక్కు దగ్గర మేకుకి ఒక ఖాళీ డాల్డా డబ్బా వేలాడుతుంది. పొరపాటు చేసినవాళ్ళు ఆ డబ్బాతో అడుగున చేరిన నీళ్ళు తోడాలి. తోడుతున్నంతసేపూ మిగతావాళ్ళు 'హైలెస్సా' అని పాడాలి. అందరికన్నా మావయ్య గొంతు పెద్దది. డ్రిల్లు చేయించే గొంతు కదా, ఆ ఒడ్డుకి కూడా వినిపించేది.

ఇంట్లో అందరూ ఆ డబ్బా పట్టుకున్నారు, ఒక్క తాయారు తప్ప. ఆ సంగతి తాయారు బడిలో ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు. మావయ్య నీళ్ళలో పడ్డ కథ కూడా బడంతా ఆ పిల్లే చెప్పింది. గొడుగు ఎలా తిరగబడిందో చేతులతో చూపించి మరీ చెప్పింది.

ఇప్పుడు మళ్ళీ మహర్నవమి దగ్గరికి వద్దాం.

దండ కట్టడం అయిపోయింది. నాన్న ఇంకా రాలేదు. పెట్రోలు టిన్ను ఇంజను పక్కనే ఉంది, గరాటూ ఉంది. నాన్న వచ్చేసరికి టాంకీ నిండి ఉంటే ఎంత బాగుంటుంది అనుకుంది తాయారు. గరాటు పెట్టి టిన్ను పైకెత్తింది. టిన్ను అనుకున్నదానికన్నా చాలా బరువుంది. ఒక్కసారి వంగేసరికి పెట్రోలు గబుక్కున దూకింది. టాంకీ, గరాటూ నిండి, పొర్లి, ఇంజను పక్కనుంచి కారి, అడుగు చెక్కల సందుల్లోంచి కిందికి జారిపోయింది. టిన్ను సర్దుకునేలోపే చెంబుడు పెట్రోలుకి పైనే పోయి ఉంటుంది.

తాయారుకి ముందు గుర్తొచ్చింది పెట్రోలు కాదు, డాల్డా డబ్బా. ఆ తర్వాత మావయ్య గొంతు.

నాన్న షాపులో గచ్చు మీద పెట్రోలు ఒలికితే చూస్తుండగానే ఆరిపోతుంది. ఇదీ అలాగే ఆరిపోతుందిలే అనుకుంది. పైన కనిపించిన తడిని గోనెపట్టాతో తుడిచింది. ఆ గోనెపట్టాని చెక్క కిందికి తోసేసింది. ఆ చెక్క మీద మిగిలిన బంతిపూలు పరిచింది. చెక్క ఎత్తి అడుగున ఎంత ఉందో చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు.

నాన్న వచ్చాడు. టాంకీ నిండి ఉండడం చూసి, ముట్టుకోవద్దన్నాను కదా అని చిన్నగా కోప్పడ్డాడు. తర్వాత, "ఏమన్నా ఒలికిందేటి?" అని అడిగాడు.

"నేదు," అంది తాయారు.

నాన్న చేతులకీ చొక్కాకీ ఎప్పుడూ పెట్రోలు వాసనే. అందుకని పడవలో వాసన ఆయనకి వేరుగా తెలియలేదు. ఇంతలో అందరూ రానే వచ్చారు. మావయ్య కొబ్బరికాయలు, అమ్మ పులిహోర గిన్నె, మామ్మ హారతి పళ్ళెం. చినబాబు పూజగంట పట్టుకుని పరుగెత్తుకొచ్చి, పడవలోకి ఎగిరి, ఇంజను పక్కన పీట మీద కూర్చున్నాడు. గంట కొట్టే పని వాడిదట.

కొబ్బరికాయ ఒడ్డునే రాయి మీద కొట్టారు. పసుపు, కుంకుమ పెట్టారు. చిలక ముక్కుకి దండ వేశారు. సముద్రపు గాలి విసురుగా వస్తోంది. అందుకని మావయ్య గొడుగు అడ్డం పెడితే, ఆ చాటున మామ్మ కర్పూరం వెలిగించింది. ఇంజనుకి దగ్గరగా హారతి ఇవ్వాలని ఆవిడ కోరిక. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలోకి అడుగుపెట్టింది.

మామ్మకి చెయ్యి అందించడానికి తాయారు పడవలోంచి కిందికి వంగింది. అప్పుడే చెక్కల సందుల్లోంచి గుప్పున వాసన కొట్టింది. పెట్రోలు ఆరలేదు. ఎండకి వాసన ఇంకా ఎక్కువైంది.

ఒకసారి షాపులో ఎవరో పెట్రోలు టిన్ను పక్కన బీడీ వెలిగించారు. ఎప్పుడూ గొంతు పెంచని నాన్న ఆ మనిషి నోట్లోంచి బీడీ లాగి నీళ్ళ గోలెంలో పారేశాడు. అది తాయారుకి ఇప్పుడు గుర్తొచ్చింది. మామ్మ చేతిలో మంట ఊగుతోంది. చినబాబు సరిగ్గా ఆ చెక్కల మీదే కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని గంట కొడుతున్నాడు.

తాయారు నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. హారతి మధ్యలో ఆగితే మామ్మ ఎంత బాధపడుతుందో తెలుసు. అందరూ ఏమంటారో తెలుసు. మామ్మ ఇంకో అడుగు వేసింది.

"మామ్మా, ఆగు. పడవ దగ్గరికి రాకు," అంది తాయారు. "నాను పెట్రోలు ఒలకబోసినాను. సెక్కల కిందికి ఎల్లిపోనాది. నాన్నకి అబద్ధం సెప్పినాను."

గంట ఆగిపోయింది. మామ్మ మోకాలి లోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయింది. నాన్న ఒక్క అంగలో పడవ దగ్గరికి వచ్చి, ముందు చినబాబుని, తర్వాత తాయారుని ఎత్తి ఇసక మీద దించాడు. అందర్నీ దూరంగా జరగమన్నాడు. గాలి ఏ వైపునుంచి వస్తోందో చూశాడు. ఆ వైపుకి, ఒడ్డు వెంట బాగా దూరం నడవమని మామ్మకి చెప్పాడు.

మామ్మ పళ్ళెం చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా ఒడ్డెక్కి నడిచింది. వెలిగించిన హారతి ఎవరికీ ఇవ్వకుండా ఆర్పడం ఆవిడ ఎన్నడూ చెయ్యలేదు. దూరంగా వెళ్ళాక ఆగి, ఏటి వైపు తిరిగింది. ఆ పళ్ళెంతో వంశధారకే హారతి ఇచ్చేసింది.

"పడవని మోసీది ఈ తల్లే కదా," అంది తిరిగి వస్తూ. "ముందు ఈవిడికే సెల్లినాది. మంచిదే."

అది విన్నాక తాయారుకి ఏడుపు వచ్చేసింది.

నాన్న ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా తనే అడుగు చెక్కలు ఎత్తాడు. అడుగున నీళ్ళ మీద పెట్రోలు రంగురంగులుగా తేలుతోంది. గోనెపట్టా నానిపోయి ఉంది. ఆయన దాన్ని దూరంగా తీసుకెళ్ళి ఉత్త ఇసక మీద పరిచాడు. పడవలో పొడి ఇసక పోసి, పెట్రోలంతా పీల్చుకున్నాక ఆ ఇసకని బకెట్లతో ఎత్తి, దాన్నీ దూరంగానే పారబోశాడు. చెక్కలన్నీ విప్పి ఎండలో పెట్టాడు. అంతసేపూ ఆయన తాయారుని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆ పిల్లకి.

తర్వాత గోనెపట్టాలోంచి అరచెయ్యంత ముక్క చింపి ఇంకా దూరంగా తీసుకెళ్ళాడు. అందర్నీ తన వెనక నిలబెట్టి, ఒక పొడుగాటి కొబ్బరి ఈనె అంటించి, దాన్ని ఆ ముక్క వైపు విసిరాడు.

ఈనె ఆ ముక్కకి తగలనే లేదు. భగ్గున మంట లేచింది.

చినబాబు వచ్చి అక్క పరికిణీ పట్టుకున్నాడు.

"తగలకుండా ఎలగ అంటుకున్నాది?" అని అడిగాడు.

"అంటుకునీది దాని ఆవిరి. అది కంటికి కనపడదు," అన్నాడు నాన్న. "షాపులో గచ్చు మీద ఒలికితే గాలి పట్టుకుపోతాది. పడవ అడుగు గిన్నిలాటిది. ఆవిరి ఎటూ ఎల్లదు, అందులోనే కూకుంటాది."

తాయారు ఆ మంట వైపు చూసింది, పడవలో చినబాబు కూర్చున్న పీట వైపు చూసింది. తమ్ముణ్ణి గట్టిగా దగ్గరికి లాక్కుంది. రోజూ వాడితో పలక కోసం కొట్లాడే పిల్ల, వాడు ఊపిరాడటం లేదని గింజుకున్నా వదల్లేదు.

అమ్మ పక్కన కూర్చుని, ఒలికిన వెంటనే నాన్నకి ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగింది.

"డబ్బా ఇచ్చీవోరు," అంది తాయారు ముక్కు ఎగబీలుస్తూ. "మావయ్య పాడీవోడు."

అందరూ మావయ్య వైపు చూశారు. మావయ్య గొడుగు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"నా పాట అంత బాగోదేటే?" అన్నాడు చివరికి. "ఏట్లో పడ్డాక బడికొస్తే పిల్లలందరూ గొడుగు, గొడుగు అని నవ్వినారు. ఎవులు సెప్పినారో నాకు తెల్దనుకున్నావేటి? నవ్వితే నవ్వినారు, నాకేటయినాది? మర్నాడు మళ్ళీ డ్రిల్లు సేయించినాను."

తాయారుకి సిగ్గేసింది. ఏడుపు మధ్యలో నవ్వు కూడా వచ్చింది. తను ఆ కథ చెప్పినప్పుడు మావయ్యకి ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ మాటే మావయ్యతో చెప్పింది. ఆయన గొడుగుతో నెత్తి మీద చిన్నగా తట్టాడు.

మధ్యాహ్నం దాటేదాకా చిలక అలా నోరు తెరుచుకుని గాలి పోసుకుంది. సరుగుడు చెట్ల నీడలో అందరూ పులిహోర తిన్నారు. నాన్న రెండుసార్లు వెళ్ళి వాసన చూసి వచ్చాడు. రెండోసారి తాయారునీ, అమ్మనీ కూడా తీసుకెళ్ళాడు. తన ముక్కు పెట్రోలుకి అలవాటు పడిపోయిందనీ, వీళ్ళ ముక్కులే నయమనీ ఒప్పుకున్నాడు. తాయారు పడవలోకి తల దూర్చి, మూల మూలా వాసన చూసింది. ఏటి నీళ్ళ వాసన, బంతిపూల వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

అడుగున కాసిని నీళ్ళు చేరాయి. ఎవరూ ఏమీ అనకముందే తాయారు వెళ్ళి మేకునుంచి డాల్డా డబ్బా తీసింది. పడవలోకి దిగి తోడడం మొదలెట్టింది. ఒడ్డున అందరూ ఊరుకున్నారు. మావయ్య కూడా ఊరుకున్నాడు.

తాయారు ఒక డబ్బా పారబోసి వెనక్కి తిరిగింది.

"పాడరేటి?" అంది.

ముందు మామ్మ అందుకుంది. తర్వాత అమ్మ, చినబాబు, నాన్న. ఆఖరుకి మావయ్య డ్రిల్లు గొంతు లేచింది. దూరంగా వల బాగుచేసుకుంటున్న దాలయ్య, ఏ ఊరి జనం వస్తున్నారోనని లేచి నిలబడి చూశాడు. అందరూ నవ్వారు, తాయారు అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఇంతకీ ఆ డబ్బా అంత బరువేమీ లేదు. దానికోసమా ఇంత భయపడ్డాను అనుకుంది.

ఆ వారంలో అమ్మ ఇంకో డాల్డా డబ్బా ఖాళీ చేసింది. నాన్న దానికి ఎర్రరంగు వేసి, పెట్రోలు ఒలికినా నిప్పంటినా చల్లడానికి పొడి ఇసక నింపి, పెద్ద బకెట్టు ఇసకతో పాటు పడవలో పెట్టాడు. పెట్రోలు పొయ్యాల్సి వస్తే ముందు అందరూ పడవ దిగాలి. పోశాక చెక్కలు ఎత్తి తాయారు వాసన చూడాలి. ఆ పిల్ల సరేనన్నాకే ఇంజను తిప్పుతారు. ఇంకెప్పుడు హారతి ఇచ్చినా ఒడ్డుమీదనుంచే, దూరంనుంచే ఇస్తానని మామ్మ తనంతట తనే చెప్పింది.

తర్వాత ఆదివారం చిలక మళ్ళీ షికారుకి బయల్దేరింది. తాయారు చెక్కలు ఎత్తి, ముక్కు దూర్చి, వాసన లేదని గట్టిగా చెప్పింది. ఇంజను టకటకలాడింది. నాన్న చుక్కాని పట్టుకుని ముందుకి చూస్తున్నాడు. మామ్మ కళ్ళు మూసుకుని జపం చేసుకుంటోంది. అమ్మ, చినబాబు కొంగల్ని చూసుకుంటున్నారు. మావయ్య గొడుగు కింద కునుకు తీస్తున్నాడు.

ఏటి మధ్యలోకి వచ్చేసరికి తాయారు కాలి వేళ్ళకి చల్లగా తగిలింది. కిందికి చూసింది. నీళ్ళు. పరికిణీ జేబు తడుముకుంది. పెట్టమని నాన్న ఇస్తే, వాసన చూసే హడావుడిలో మరిచిపోయిన బిరడా అందులోనే ఉంది.

ఎవరూ చూడలేదు. చప్పుడు కాకుండా పెట్టేస్తే ఎవరికీ తెలియదు.

తాయారు చెక్క ఎత్తి బిరడా గట్టిగా నొక్కి పెట్టింది. లేచి మేకునుంచి డాల్డా డబ్బా అందుకుంది. మావయ్య గొడుగు మీద టకటకమని కొట్టింది.

"మావయ్యా, బేగి లే. పాట మొదలెట్టు. బిరడా నా జేబులోనే ఉండిపోనాది."

మావయ్య కళ్ళు తెరవకుండానే అందుకున్నాడు.

"హైలెస్సా."